గట్టు మీద కబుర్లు: బోను, ఎర, వాసన

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఎలుకల గొడవే. సార్వా (ఖరీఫు) వరి చేలు పొట్ట మీదున్నాయి, అంటే వెన్ను ఇంకా పిలకలోనే ఉంది, ఆశ్చర్యమేం లేదు. మిగతావాటిలో ఒకటి మాత్రం నన్ను కాసేపు ఆలోచనలో పడేసింది. ముందు దాని సంగతి చూద్దాం.

ప్రశ్న: గురువుగారికి నమస్కారాలు. ఆకివీడు దగ్గర నాకు రెండెకరాల చేపల చెరువుంది. నెల రోజులుగా రాత్రిపూట ఏదో జంతువు వచ్చి చేపల్ని తినిపోతోంది. తెల్లారి చూస్తే గట్టు మీద పొలుసులు, సగం కొరికిన తలకాయలు. మా అబ్బాయి ఫోన్లో ఒక వీడియో చూపించాడు. అమెరికాలో బొచ్చు కోసం జంతువుల్ని పట్టేవాళ్ళు చేపల్ని సీసాలో కుళ్ళబెట్టి, అందులో ఇంగువ, గ్లిజరిన్, ఇంకా ఏవేవో కలిపి ఎర తయారుచేస్తున్నారు. రెండు చుక్కలు వేస్తే జంతువు దానంతటదే వస్తోంది. మనమూ చేసుకోవచ్చా? కొలతలు తెలిస్తే రాయండి.
(ఒక చేపల రైతు)

జవాబు: కొలతలు రాయనండి. ఎందుకు రాయనో చెబుతాను, కోప్పడకండి.

మీ గట్టెక్కేది ఊరకుక్క కాకపోతే, చాలావరకు నీటికుక్కో బావురుపిల్లో అయ్యుంటుంది. రేపు ఎండ ఎక్కకముందే వెళ్ళి బురదలో అడుగులు చూడండి. అయిదు వేళ్ళు, వాటి మధ్య పొర అచ్చు కనిపిస్తే నీటికుక్క. నాలుగు వేళ్ళతో గుండ్రంగా, మీ ఇంటి పిల్లి అడుగులాగే ఉండి దానికంటే బాగా పెద్దదైతే బావురుపిల్లి. నీటికుక్కకి ఇంకో గుర్తుంది. మళ్ళీ మళ్ళీ ఒకే చోటికొచ్చి పెంట వేస్తుంది. పుల్లతో కదిపితే అంతా పొలుసులూ ముళ్ళూనే, చేపకంపు గుప్పుమంటుంది.

ఈ రెండూ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలు జంతువులు, అంటే అన్నిటికంటే గట్టి రక్షణ ఉన్నవి. ఆ చట్టం ప్రకారం వేటంటే తుపాకీతో కొట్టడం ఒక్కటే కాదు. ఉచ్చు పన్నినా, బోను పెట్టినా, మందు పెట్టినా, ఆఖరికి ఎర వేసినా వేటే. మొదటి షెడ్యూలు జంతువైతే మూడేళ్ళకి తగ్గకుండా ఏడేళ్ళ దాకా జైలు, పాతికవేలకి తగ్గని జరిమానా. సీసాలో చేప కుళ్ళబెట్టుకుంటే మిమ్మల్ని అడిగేవాడెవడూ లేడు, మీ ఆవిడ తప్ప. ఆ రెండు చుక్కలూ గట్టు మీద పోశారా, కేసు మీ మెడకే. కరెంటు తీగ ఆలోచన ఉంటే అది కూడా మానండి. రాత్రి నీళ్ళు పెట్టడానికొచ్చిన మనుషులే దాని మీద పడతారు.

వీడియోలో ఆయన చేసింది అక్కడ చెల్లుతుంది. వాళ్ళకి దానికి లైసెన్సుంది, సీజనుంది. చలికాలంలో బొచ్చు ఒత్తుగా పెరిగాక పడతారు. ఆ సరుకు కథ మాత్రం వినడానికి బాగుంటుంది కాబట్టి చెబుతాను. బీవరని ఒక జంతువు, చెట్లు కొరికి వాగుకి అడ్డంగా ఆనకట్టలు కడుతుంది. దాని తోక దగ్గర సంచుల్లో ఘాటైన పదార్థం ఒకటుంటుంది. కాస్టోరియం అంటారు. సెంట్లలో కూడా వాడేవాళ్ళు. బీవరు దాన్ని తన సరిహద్దు గుర్తుగా పూసుకుంటూ పోతుంది. కొత్త వాసన తగిలితే ‘ఎవడు వీడు, నా చోట్లో?’ అని చూడ్డానికొస్తుంది. మన చేలో పక్కవాడు కొత్తగా సరిహద్దు రాయి పాతితే మనం పంచె ఎగ్గట్టుకుని పరుగెత్తమా, అలాగన్నమాట. అంటే అది ఆకలి మీద కొట్టే ఎర కాదు, పౌరుషం మీద కొట్టే ఎర. చేపనూనె మాత్రం ఆకలికే. గ్లిజరిన్ కలిపేది ఎర ఎండిపోకుండా, గడ్డకట్టే చలిలో బిగుసుకుపోకుండా. ఇంగువ దేనికంటే, కంపు దూరం పోవడానికి. మనం పప్పుచారులో చిటికెడు వేసే ఇంగువే.

వీడియో లేని రోజుల్లో నేనూ ఈ పని చేశాను, ఎలుకల కోసం. అప్పటికి నాకు ఇరవై ఏళ్ళుండవు. పరిగె చేపల్ని ముక్కలు కోసి గాజు సీసాలో కూరి, మూత గట్టిగా బిగించి దొడ్డిగోడ మీద ఎండలో పెట్టాను. గాలి పోయే దారి ఉంచాలని ఎవరు చెప్పారు నాకు? మూడో రోజు మధ్యాహ్నం డాం అని మూత లేచిపోయింది. పక్కనే దండెం మీద మా అమ్మ ఉతికి ఆరేసిన చీరలు. ఆ సాయంత్రం నాకు అన్నం పెట్టలేదు. సీసాలో మిగిలినదాన్ని పట్టుకెళ్ళి బోనులో రాస్తే మొదటి రాత్రి గండుచీమలు, రెండో రాత్రి పిల్లులు, మూడో రోజు పట్టపగలు ఒక ఉడుము వచ్చాయి. ఎలుక రాలేదు. చలిదేశంలో ఆ సీసాని నెలల తరబడి మాగబెడతారు. మన ఉక్కపోతలో మూడు రోజులకే మాగడం దాటి ఇంకెక్కడికో పోతుంది.

ఇక మీ చెరువు. ఒక్క మాట అడుగుతాను. చచ్చి తేలిన చేపల్ని ఏం చేస్తున్నారు? గట్టు మీదికి విసిరేస్తున్నారు కదూ! చాలామంది చేసేదే. మరి ఆ ఎర మీరే వేస్తున్నారు గదండీ, ఏ వీడియో చూడకుండానే. రోజూ ఏరి దూరంగా గొయ్యి తీసి పూడ్చండి. గట్టు మీద తుంగ, జమ్ము నరికించండి. అవి దాక్కునేది అందులోనే. రొయ్యల చెరువులకి పీతలు రాకుండా కడతారే, అలా చుట్టూ వల కట్టి దాని అడుగు అంచుని మట్టిలో పాతండి. మకాం దగ్గర ఒక కుక్క, ఒక లైటు. నీటికుక్కలు గుంపుగా వస్తాయి కాబట్టి నష్టం ఎక్కువైతే అటవీశాఖ వాళ్ళకి కాగితం మీద రాసి ఇవ్వండి.

ప్రశ్న: బాబాయిగారూ, అమలాపురం వైపు మూడెకరాలు కౌలుకి చేస్తున్నాను. ఎలుకలు పిలకలు కొరికేస్తున్నాయి. ఆరు బోన్లు కొన్నాను. ఎండుచేప పెట్టాను, పకోడీ పెట్టాను, మా బావమరిది చెప్పాడని బెల్లం కూడా పెట్టాను. నాలుగు రోజుల్లో పడింది ఒకే ఒక్క ఎలుక. బోన్ల ఖర్చు తలుచుకుంటే టెన్షన్‌గా ఉంది. అసలు ఎలుకకి ఏ వాసన ఇష్టం?
(ఒక కౌలు రైతు)

జవాబు: నాలుగు రోజుల్లో మూడు ఎరలు మార్చావు చూడు బాబూ, తేడా అక్కడే ఉంది.

ఎలుకకి వాంతి రాదు. తిన్నది విషమైతే కక్కేసే దారి దానికి లేదు. అందుకే పుట్టుకతోనే అనుమానపు పీనుగ. కొత్త వస్తువు కనిపిస్తే పక్కనుంచి పోతుంది, కొత్త తిండైతే కొనకొరికి ఆగుతుంది. కడుపులో తేడా చేసిందా, ఆ రుచి మళ్ళీ ముట్టదు. నేను ముప్పై ఏళ్ళు ఎరువుల కొట్టు నడిపాను. జింకు ఫాస్ఫైడు అనే ఎలుకమందు పట్టుకెళ్ళినవాళ్ళు వారం తిరక్కుండా వచ్చి ‘మీ మందు డూప్లికేటండీ, మొదటి రోజు నాలుగు చచ్చాయి, తర్వాత ఒక్కటీ ముట్టలేదు’ అని పోట్లాడేవారు. మందు అసలుదే. ముందు రెండు మూడు రోజులు మందు లేని నూకలు, నూనె పెట్టి అలవాటు చేశాక మందు కలపమని చెబితే ఎవరూ వినేవారు కారు. మొదట్లో నాకూ తెలియదు. మార్టేరు వరి పరిశోధనా స్థానం మాకు సైకిలు దూరం. అక్కడివాళ్ళు చెప్పాక గాని నా బుర్రకెక్కలేదు. ఆ తర్వాత పొట్లంతో పాటు ఈ మాట కూడా చెప్పి పంపేవాణ్ణి. అమ్మకం తగ్గింది, పోట్లాటలూ తగ్గాయి.

కాబట్టి ఒక్క ఎర పట్టుకో, దాన్నే పెట్టు. నన్నడిగితే కొబ్బరి. మీ కోనసీమలో దానికి కరువు లేదు. పచ్చిది కాదు, కాల్చినది. ముదురు కొబ్బరి ముక్కని బొటనవేలంత కోసి, పుల్లకి గుచ్చి నిప్పుల మీద తిప్పు. ముందు నీళ్ళు చిటచిటలాడతాయి. తర్వాత అంచు ఎర్రబడి, ముక్క మీద చెమట పట్టినట్టు నూనె తేలుతుంది. వాసన పెరట్లోకి వెళుతుంది. అప్పుడు తీసెయ్యి. నల్లబడితే చేదు. ఆ వేడి ముక్కని ముందు బోను గడప మీద, అడుగు రేకు మీద ఒకసారి రాసి, తర్వాత కొక్కేనికి బిగించు. ఊరికే తగిలిస్తే మూతితో లాక్కుపోతుంది. సన్న తీగతో కట్టాలి, ఎలుక కాసేపు పీకాలి. మిగిలిన కాస్త నూనెలో గుప్పెడు నూకలు దొర్లించి బోను ముందు నాలుగు గింజలు, లోపల నాలుగు గింజలు చల్లు.

మొదటి రెండు రాత్రులూ తలుపు పడకుండా దారంతో కట్టేసి ఉంచు. వచ్చి తిని పోనీ. మూడో రాత్రి దారం విప్పు. ఎర మాత్రం ఏ రోజుకారోజు సాయంత్రం కొత్తది పెట్టాలి. మన తేమకి నిన్నటి ముక్క మీద బూజు వస్తుంది, నూనె ముక్కిపోతుంది. ఆ రెండూ ఎలుక ముట్టదు. చీమలు ఎక్కువగా ఉంటే బోను చుట్టూ బూడిద గీత గియ్యి.

బోన్లు కొన్నాక సబ్బుతో కడిగావా? కడిగే ఉంటావు. ఆ సబ్బు వాసనే దానికి కొత్త. నూనె జిడ్డుంటే వట్టి వేడినీళ్ళు చాలు. మా చేలో ఎలుకల్ని పట్టే బుట్టలు పెట్టడానికి ఒక ముసలాయన వచ్చేవాడు. వెదురు బుట్ట, విల్లులా వంచిన బద్ద, ఒక తాడు, అంతే సరంజామా. ఎలుకకింత అని లెక్క. లంక పొగాకు చుట్ట ఆయన నోట్లోంచి దిగేది కాదు. బుట్టలు పెట్టే సాయంత్రం మాత్రం చుట్ట ముట్టడు. తవుడు గిన్నెలో మోచేతుల దాకా చేతులు పెట్టి రుద్దుకునేవాడు, పెళ్ళికొడుక్కి నలుగు పెట్టినట్టు. ‘ఎలుక్కి నేను కనపడకూడదు దొరా, తవుడే కనపడాల’ అనేవాడు. ఎలుక పడ్డ బుట్టని ఎప్పుడూ కడిగేవాడు కాదు. మర్నాడు దాన్నే మంచి చోట పెట్టేవాడు. నాకది అప్పట్లో బద్ధకంలా అనిపించింది. తర్వాత చదివాను. ఎలుకలు ఒకదాని మూతి ఒకటి వాసన చూసి, అవతలిది ఏం తిని బతికొచ్చిందో తెలుసుకుంటాయట. ఎలుక ఊపిరిలో కార్బన్ డైసల్ఫైడు అనే వాయువు కొంచెం ఉంటుంది. తిండి వాసన దానితో కలిసి వస్తేనే ‘ఇది మనవాళ్ళు తిన్నదే’ అని నమ్మకం. ముసలాయనకి ఆ వాయువు పేరు తెలియదు. పని తెలుసు.

బోను ఎక్కడ పెడుతున్నావో రాయలేదు. సాయంత్రం గట్టు మీద బొరియలన్నీ బురదతో మూసెయ్యి. తెల్లారి ఏవి తెరుచుకుని ఉన్నాయో వాటిలోనే ఎలుకుంది. వాటి పక్కన, గడ్డి అణిగిపోయి సన్నగా దారి పడిన చోట బోను పెట్టాలి. నడిచేలో పెడితే నీళ్ళ పాలు.

ఇంత చెప్పాక ఒక చేదు నిజం కూడా చెప్పాలి. ఇప్పుడు నీ చేను పొట్ట మీదుంది. పిలకని ఏటవాలుగా, కలం చెక్కినట్టు కొరికి లోపలి తియ్యటి మెత్తదనం తింటోంది ఎలుక. ఎకరమంతా విందు పరిచి ఉంటే నీ కొబ్బరి ముక్క దగ్గరికి అదెందుకొస్తుంది? బోనైనా మందైనా ఆకుమడి నాడు, ఊడ్పులయ్యాక మొదటి నెలలో, చేలో తిండి లేనప్పుడు బాగా పనిచేస్తుంది. ఇప్పటికి దొరికినన్ని పట్టు. దాళ్వాకి (రెండో పంటకి) మాత్రం ముందే మొదలుపెట్టు, అదీ ఒక్కడివీ కాదు. నీ మూడెకరాల్లో నువ్వు పడితే పక్క ముప్పై ఎకరాల్లోవి ఖాళీ బొరియ చూసుకుని దిగిపోతాయి. చుట్టుపక్కల రైతులంతా ఒకే వారంలో చెయ్యాలి. గట్లు సన్నగా చెక్కించండి. లావు గట్టు వాటికి మేడ.

మందు పెట్టాలనుకుంటే బ్రోమాడయోలోన్. 96 పాళ్ళు నూకలు, 2 పాళ్ళు నూనె, 2 పాళ్ళు 0.25 శాతం మందు. పది గ్రాముల చొప్పున పొట్లం కట్టి తెరుచుకున్న బొరియలోకి లోతుగా తొయ్యాలి. ఆ రెండు పాళ్ళ నూనె దేనికని చాలామంది మానేస్తారు. మందు నూకకి పట్టేది దానివల్లే, ఎలుకని పిలిచేదీ అదే. తిన్న కొన్ని రోజులకి గాని చావదు కాబట్టి తిండి మీద దానికి అనుమానం రాదు.

ప్రశ్న: అన్నయ్యగారూ, వంటింట్లో బోను పెడితే మూతి పొడుగ్గా ఉన్న చిన్నదొకటి పడింది. వదిలేశాం. రెండు రోజులైనా బోనుకి ఒకటే కంపు. అప్పట్నుంచి అందులో ఏదీ పడటం లేదు. ఏం చెయ్యాలి?
(ఒక గృహిణి, పాలకొల్లు)

జవాబు: అది ఎలుక కాదమ్మా, చుంచు. చూపు సరిగా ఆనదు, గోడవారగా కిచకిచమంటూ పోతుంది. బొద్దింకల్నీ పురుగుల్నీ తింటుంది. మీ బియ్యం జోలికి రాదు. పక్కల్లో ఉండే గ్రంథుల వల్ల ఆ కంపు. పిల్లి చంపుతుందే గాని తినదు. వదిలేసి మంచి పని చేశారు. ఎలుక పడ్డ బుట్టని ముసలాయన కడిగేవాడు కాదని పైన రాశాను గదా, ఈ కంపుకి ఆ మాట వర్తించదు. మసిలే నీళ్ళు పోసి, బూడిదతో తోమి, రెండు రోజులు ఎండలో పడెయ్యండి. తర్వాత మాపటి గారె ముక్క పెట్టి చూడండి.

ప్రశ్న: పులిని పట్టడానికి సెంటు చల్లారని మా ఫ్రెండ్ అంటున్నాడు. నిజమా, కోతా? నిజమైతే మన పునుగుతో కూడా అలా చెయ్యొచ్చా?
(డిగ్రీ విద్యార్థి, రాజమండ్రి)

జవాబు: నిజమే. 2018లో మహారాష్ట్రలో యవత్మాల్ జిల్లాలో మనుషుల్ని చంపిందన్న ఆడపులి కోసం అటవీశాఖ కాల్విన్ క్లైన్ వాళ్ళ ‘అబ్సెషన్’ సెంటు తెప్పించింది. అంతకుముందే న్యూయార్కు బ్రాంక్స్ జూలో రకరకాల సెంట్లు చల్లి చూస్తే, చీతాలు దీని దగ్గరే ఎక్కువసేపు నిలబడ్డాయి. అందులో సివెటోన్ అనే పదార్థం ఉండటమే కారణమని చెబుతారు. సివెటోన్ అంటే మరేం కాదు, నువ్వడిగిన పునుగు వాసనే, ఫ్యాక్టరీలో చేసింది. చివరికి ఆ పులి మాత్రం బోనులో పడలేదు. అదే ఏడాది నవంబరులో తూటాకి చనిపోయింది.

పునుగు సంగతంటావా, తిరుమలలో శుక్రవారం అభిషేకానికి వాడే ద్రవ్యాల్లో అదొకటి. పునుగు పిల్లికీ చట్టం రక్షణ ఉంది. నీకు ఏ పులిని పట్టే అవసరం వచ్చిందో గాని, చదువుకో నాయనా.

ప్రశ్న: పోయిన నెల మీరు రాసిన ప్రకారం ఎలుకమందు కలుపుదామని ఇంట్లో పాత స్టీలు గిన్నె తీశాను. మా ఆవిడ చేతిలోంచి లాక్కుని, మిమ్మల్నీ నన్నూ కలిపి తిట్టింది. చేతికి కవరు చుట్టుకుంటే చాలదా? మీరే సర్దిచెప్పాలి.
(ఒక పాఠకుడు, తణుకు)

జవాబు: ఆవిడదే రైటు. నన్ను తిట్టినదానికి కూడా నేనేమీ అనుకోను. గిన్నెలు వాడొద్దని రాయకపోవడం నా పొరపాటు.

మందు కలపడం ఇంట్లో కాదు, ఆరుబయట. చిరిగిపోయే కవరు కాదు, మోచేతి దాకా వచ్చే రబ్బరు గ్లౌజులు. కలపడానికి కర్ర, పాత ప్లాస్టిక్ పళ్ళెం. మిగిలిన మందు పప్పుల డబ్బాలోకి చేరకూడదు. ఎవరైనా పొరపాటున తింటే మందు పొట్లాన్ని కూడా ఆసుపత్రికి పట్టుకెళ్ళండి. బ్రోమాడయోలోన్‌కైతే కె1 విటమిన్ విరుగుడు ఉంది. జింకు ఫాస్ఫైడుకి విరుగుడు లేదు, తడి తగిలితే విషవాయువు వస్తుంది. అందుకే దాన్ని తడిచేత్తో ముట్టుకోవద్దంటాను. చచ్చిన ఎలుకల్ని గ్లౌజులతోనే ఎత్తి లోతుగా పూడ్చండి, కాలవలో పారెయ్యొద్దు. కాలికి దెబ్బ ఉంటే ఎలుకలు తిరిగే బురదలోకి దిగకండి. వాటి ఉచ్చ వల్లే ఎలుక జ్వరం వస్తుంది. దిగిన వారం పది రోజులకి జ్వరం, పిక్కల నొప్పి, కళ్ళ ఎరుపు కనిపిస్తే డాక్టరుకి ‘చేలో దిగానండీ’ అని మీ అంతట మీరే చెప్పండి.

ఆ స్టీలు గిన్నెలో అప్పటికే మందు పడి ఉంటే మాత్రం మళ్ళీ వంటింటి గడప తొక్కనివ్వకండి. చొట్టలు పడేలా బాది పాతసామాన్ల వాడికి వేసెయ్యండి. ఆవిడకి కొత్తది కొనిపెట్టండి.